డిజైన్ సాఫ్ట్‌వేర్ ఐకాన్ల కాంతిభేదం: స్పష్టత, గుర్తింపుల చరిత్ర (1975–2025)

వ్యాససంగ్రహం:

బొమ్మలు గీయడానికి, ఛాయాచిత్రాలను సరిదిద్దడానికి, పుటలను కూర్చడానికి ఉపయోగించే సాఫ్ట్‌వేర్‌లలో పనిముట్లన్నీ చిన్నచిన్న ఐకాన్ల రూపంలో ఉంటాయి. ఐకాన్ కంటికి ఆనకపోతే పనిముట్టు ఉండీ లేనట్టే. గత యాభై ఏళ్లలో ఈ ఐకాన్ల కాంతిభేదాన్ని మెరుగుపరచడానికి జరిగిన ప్రయత్నాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. నేపథ్యం మారిన ప్రతిసారీ అంతకుముందు గీసిన ఐకాన్ల స్పష్టత దెబ్బతిన్నదని, నేపథ్యం వాడుకరి ఇష్టానికి వచ్చిన తరువాత ఐకాన్ చిత్రధర్మాన్ని విడిచి అక్షరధర్మాన్ని స్వీకరించిందని, ఈ మార్పులో స్పష్టత నిలబడినా గుర్తింపు కొంత నష్టపోయిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఐకాన్, కాంతిభేదం, స్పష్టత, గుర్తింపు, నేపథ్యం, ఇంటర్‌ఫేస్, మాక్‌పెయింట్, ఫోటోషాప్, గింప్, బ్లెండర్.

1. ప్రవేశిక:

లిపి చరిత్రను పరిశీలించేవారు రాతికీ ఉలికీ, తాటాకుకూ గంటానికీ, కాగితానికీ కలానికీ ఉన్న సంబంధాన్ని తప్పక ప్రస్తావిస్తారు. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం గీసినంత మాత్రాన కంటికి కనిపించదు. దానికి మసి పూసి తుడిచినప్పుడు గీతలో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. రాత ఎంత ముఖ్యమో, రాతను నేపథ్యం నుంచి వేరుచేసే నలుపూ అంతే ముఖ్యమని ఈ పద్ధతి చెబుతుంది. కంప్యూటర్ తెర మీది ఐకాన్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

అయితే తాటాకుకు ఒకటే రంగు. తెరకు అలా కాదు. అది 1980లలో నలుపు తెలుపు, 1990లలో బూడిద రంగు, 2010ల తరువాత ముదురు రంగు నేపథ్యంగా మారింది. మార్పు జరిగిన ప్రతిసారీ ఐకాన్లను తిరిగి గీయవలసి వచ్చింది. ఈ పునర్లేఖనాల చరిత్రను సాధారణంగా అభిరుచుల చరిత్రగా, అంటే ఒకనాటి ఫ్యాషన్ పోయి మరొకటి రావడంగా చెబుతారు. ఆ వివరణ అసంపూర్ణమని చూపడం ఈ వ్యాస ఉద్దేశం. ప్రతి మార్పు వెనుక ఒక సమస్య, దానికొక పరిష్కారం, ఆ పరిష్కారం తెచ్చిన మరొక సమస్య ఉన్నాయి.

2. పరిభాష – పరిధి:

కాంట్రాస్ట్ అనే మాటకు ఈ వ్యాసంలో ‘కాంతిభేదం’ అనే పదాన్ని స్వీకరించడమైనది. రెండు ప్రాంతాల వెలుగుల మధ్య ఉన్న తేడా అని దీని అర్థం. రంగుల తేడా, వెలుగుల తేడా ఒకటి కావు. ఎరుపు, బూడిద రంగులు పక్కపక్కన ఉన్నప్పుడు రంగులుగా అవి వేరైనా, వెలుగులో దాదాపు సమానం కావచ్చు.

ఐకాన్ చదవడంలో రెండు దశలున్నాయి. మొదటిది ఐకాన్ తన నేపథ్యం నుంచి విడివడటం. దీనిని ‘స్పష్టత’ అందాం. రెండవది ఐకాన్ తన పక్కనున్న ఇతర ఐకాన్ల నుంచి విడివడటం; దీనిని ‘గుర్తింపు’ అందాం. డేనిష్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎడ్గర్ రూబిన్ 1915లో రూపం, నేపథ్యం అనే విభాగాన్ని ప్రతిపాదించాడు. చూపు ముందుగా దేనినో ఒకదానిని రూపంగా స్వీకరిస్తుంది, మిగిలినది నేపథ్యమవుతుంది. స్పష్టత ఈ దశకు చెందినది. గుర్తింపు దాని తరువాతి దశ. డిజైన్ సాఫ్ట్‌వేర్ చరిత్రలో ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లే అనేక చిక్కులు వచ్చాయి.

3. నలుపు తెలుపుల దశ (1975–1987):

కంప్యూటర్ తెర మీది చిత్రానికి ‘ఐకాన్’ అనే పేరు డేవిడ్ కాన్‌ఫీల్డ్ స్మిత్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1975లో సమర్పించిన ‘పిగ్మేలియన్’ అనే సిద్ధాంతగ్రంథం ద్వారా వ్యాప్తిలోకి వచ్చింది. స్మిత్ తరువాత జెరాక్స్ సంస్థ 1981లో విడుదల చేసిన స్టార్ కంప్యూటర్ రూపకల్పనలో పాల్గొన్నాడు. కాగితం, సంచిక, పెట్టె మొదలైన కార్యాలయ వస్తువులు ఈ యంత్రం తెరపై ఐకాన్లుగా కనిపించాయి.

స్టార్ రూపకర్తలు ఐకాన్లను ఒకే దఫాలో నిర్ణయించలేదు. నాలుగు వేర్వేరు ఐకాన్ సముదాయాలను తయారుచేసి వాడుకరుల మీద పరీక్షించారు. ఐకాన్‌ను చూసి దాని పేరు ఊహించగలరా? ఇతర ఐకాన్ల మధ్య ఉన్నప్పుడు దానిని ఎంత త్వరగా పట్టుకోగలరు? ఇటువంటి ప్రశ్నలకు సమాధానాలు సేకరించారు. చివరికి నార్మన్ కాక్స్ గీసిన సముదాయం యంత్రంలోకి వెళ్లింది. గుర్తింపు అనేది కొలిచి చూడదగిన విషయమన్న ఎరుక ఈ రంగం తొలినాళ్లలోనే ఉందనడానికి ఇది నిదర్శనం.

1984 జనవరిలో వెలువడిన మాకింతోష్ తెర 512×342 బిందువులది. ప్రతి బిందువూ నలుపు లేదా తెలుపు, మధ్యస్థం లేదు. సూజన్ కేర్ గళ్ల కాగితం మీద గడి గడీ నింపుతూ 32×32 కొలతలో దీనికి ఐకాన్లు రూపొందించింది. అదే యంత్రంతో వచ్చిన మాక్‌పెయింట్‌ను బిల్ అట్కిన్సన్ రచించాడు. తెర ఎడమ వైపు రెండు నిలువు వరుసలలో ఇరవై పనిముట్లు ఉండేవి. ఉచ్చుతాడు, రంగుబకెట్టు, పెన్సిలు, రబ్బరు, రంగు చిమ్మే డబ్బా వంటి ఆనాటి రూపాలు నేటికీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లలో కొనసాగుతున్నాయి. ఎంచుకున్న పనిముట్టు నలుపు తెలుపులు తారుమారై కనిపించేది.

ఈ దశలో ఐకాన్‌కు స్పష్టత గురించి బెంగ లేదు. తెల్లని నేల మీద నల్లని గీత ఉన్నంతలో గరిష్ఠ కాంతిభేదం కలిగినది. అసలు సమస్య బొమ్మ గీసే పుట మీద వచ్చింది. అక్కడ నేపథ్యం ఏమిటో ముందుగా తెలియదు. అది వాడుకరి గీసే బొమ్మ. దీనికి రెండు పరిష్కారాలు కనిపిస్తాయి. ఒకటి బాణం గుర్తు: నల్లని బాణానికి సన్నని తెల్లని అంచు. నల్లని ప్రాంతం మీదికి వెళ్లినప్పుడు తెల్లని అంచు దానిని కాపాడుతుంది. రెండవది ఎంపిక చేసిన భాగం చుట్టూ కదిలే గీత: నలుపు, తెలుపు ముక్కలు ఒకదాని వెంట ఒకటి చీమలబారులా నడుస్తాయి. నేపథ్యం ఏదైనా రెండింటిలో ఒకటి కనబడక తప్పదు. తెలియని నేపథ్యాన్ని ఎదుర్కోవాలంటే రూపం రెండు వెలుగులనూ తనలో ఉంచుకోవాలి. ఈ సూత్రాన్ని 1984 నాటికే ఆచరణలో పెట్టినా, పనిముట్ల ఐకాన్లకు దానిని అన్వయించడానికి చాలాకాలం పట్టింది.

4. రంగుల రాక – బూడిద ఫలకం (1987–2004):

1987లో వచ్చిన మాకింతోష్ 2 తెరకు రంగులను తెచ్చింది. 1990లో విండోస్ 3.0 వెలువడింది, దాని ఐకాన్లలో కొన్నింటిని సూజన్ కేర్ రూపొందించింది. అదే ఏడాది థామస్ నోల్, జాన్ నోల్ సోదరుల ఫోటోషాప్ తొలి రూపం విడుదలయింది. ఈ దశాబ్దంలో ఇంటర్‌ఫేస్ ఫలకాలు తెలుపును విడిచి లేత బూడిద రంగును ధరించాయి. మీటలకు ఒక అంచున వెలుగు, మరొక అంచున నీడ గీసి ఉబ్బెత్తుగా చూపడం వాడుకయింది. ఇటువంటి ఉబ్బెత్తుకు మధ్యస్థమైన బూడిద నేల అవసరం. తెల్లని నేల మీద వెలుగు అంచు, నల్లని నేల మీద నీడ అంచు కనిపించవు.

రంగు వల్ల గుర్తింపు పెరిగింది. రంగుబకెట్టు, కుంచె, కత్తెర వేర్వేరు రంగులతో చూడగానే తెలిసేవి. స్పష్టత మాత్రం కొంత తగ్గింది. అంతవరకు నలుపు, తెలుపుల మధ్య ఉన్న పూర్తి అంతరం ఇప్పుడు బూడిద నేలకూ రంగుకూ మధ్య సగమయింది.

ఈ దశలోనే స్థిరపడిన మరొక సంప్రదాయం గమనించదగినది. ప్రస్తుతానికి పనిచేయని మీటను రంగు తీసి, వెలిసిన బూడిద చెక్కడంలా చూపడం విండోస్‌లో ఆనవాయితీ అయింది. ‘రంగు ఉంటే పనిచేస్తుంది, వెలిస్తే పనిచేయదు’ అన్నది ఒక తరం వాడుకరులకు చెప్పకుండానే అలవాటైన వ్యాకరణం. రెండు దశాబ్దాల తరువాత వచ్చిన వివాదానికి బీజం ఇక్కడ ఉంది.

5. టాంగో మార్గదర్శకాలు (2005–2007):

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రంగంలో ఒక్కొక్క కార్యక్రమానికి ఒక్కొక్క శైలి ఐకాన్లు ఉండేవి. వాటిని ఒక దారికి తెచ్చే ఉద్దేశంతో 2005లో టాంగో డెస్క్‌టాప్ ప్రాజెక్టు ఆరంభమయింది. అది ఒక వర్ణపట్టికను, గీసే పద్ధతిని నిర్దేశించింది. ఐకాన్ చుట్టూ ముదురు అంచు, దానిని ఆనుకొని లోపలివైపు లేత గీత ఉండాలన్నది అందులో ముఖ్యమైన నియమం.

ఈ నియమం మాకింతోష్ బాణం గుర్తుకు వారసత్వం. లేత నేల మీద ముదురు అంచు ఐకాన్‌ను నిలబెడుతుంది. ముదురు నేల మీద ఆ అంచు కలిసిపోయినా లోపలి లేత గీత ఆకారాన్ని కాపాడుతుంది. రంగు ఐకాన్ లోపలి భాగానికి, కాంతిభేదం అంచుకు అని పని విభజన జరిగింది. 2007 అక్టోబరులో విడుదలయిన గింప్ 2.4 ఈ శైలి ఐకాన్లను స్వీకరించింది. స్పష్టత, గుర్తింపు రెండింటినీ ఏకకాలంలో సాధించిన ఘట్టంగా దీనిని పేర్కొనవచ్చు.

6. ముదురు ఇంటర్‌ఫేస్ (2005–2014):

రంగురంగుల ఐకాన్లు ఇంత చక్కగా కుదిరిన తరువాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు వాటిని ఎందుకు వదులుకున్నాయి? దీనికి సమాధానం 19వ శతాబ్దపు అద్దకపు కర్మాగారంలో దొరుకుతుంది. పారిస్‌లోని గోబెలిన్ వస్త్రశాలలో అద్దకాల విభాగానికి అధిపతిగా ఉన్న రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్‌కు నల్లని నూలు సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. పరిశీలిస్తే అద్దకంలో దోషం లేదు. పక్కనున్న రంగుల ప్రభావం వల్ల నలుపు అలా కనిపిస్తున్నదని తేలింది. పక్కపక్కనున్న రంగులు పరస్పరం మార్చుకుంటాయన్న ఈ సిద్ధాంతాన్ని ఆయన 1839లో గ్రంథరూపంలో ప్రకటించాడు. ముద్రణరంగంలో రంగుల పరిశీలనకు తటస్థమైన పరిసరం ఉండాలని నేటి ఐఎస్ఓ 3664 ప్రమాణం కోరడానికీ ఇదే ఆధారం.

ఈ దృష్టితో చూస్తే ఛాయాచిత్రం చుట్టూ రంగురంగుల పనిముట్లు ఉండటం దోషమే. ఎర్రని ఐకాన్ పక్కన ముఖవర్ణాన్ని సరిదిద్దేవారి కన్ను మోసపోవచ్చు. అందువల్ల ఛాయాచిత్రకారుల కోసం వచ్చిన ఆపిల్ అపెర్చర్ (2005), అడోబీ లైట్‌రూమ్ (2007) ముదురు బూడిద ఫలకాలతో వెలువడ్డాయి. 2012 మే నెలలో విడుదలయిన ఫోటోషాప్ సీఎస్6 ముదురు రంగును సహజస్థితిగా చేసుకుంది. నాలుగు స్థాయిల వెలుగులలో ఒకటి ఎంచుకునే వీలునూ కల్పించింది. ఇంజనీరింగ్ చిత్రలేఖనానికి వాడే ఆటోకాడ్ కూడా 2014లో వచ్చిన 2015 రూపంలో ఇదే బాట పట్టింది.

ఐకాన్లు మసకబారడం అజాగ్రత్త వల్ల జరగలేదని దీనివల్ల స్పష్టమవుతుంది. బొమ్మ ముందుకు రావాలి, పనిముట్లు వెనక్కి తగ్గాలి అన్నది ఆలోచించి తీసుకున్న నిర్ణయం. అయితే ‘వెనక్కి తగ్గడం’ ఎంతవరకు అన్న ప్రశ్నకు ఆనాడు హద్దు నిర్ణయించలేదు. లేత బూడిద ఐకాన్ ముదురు బూడిద నేల మీద నిలిచినప్పుడు, పాత వ్యాకరణం ప్రకారం అది పనిచేయని మీటగా స్ఫురించింది. ఉన్న పనిముట్టు లేనట్టు కనిపించింది.

7. చిత్రం నుంచి అక్షరానికి (2011–2025):

నాలుగు స్థాయిల నేపథ్యాలలో వాడుకరి దేనినైనా ఎంచుకోగలిగినప్పుడు ఒకే ఐకాన్ అన్నింటి మీదా ఎలా నిలుస్తుంది? ఒక ఉదాహరణతో ఈ చిక్కును చూడవచ్చు. నలుపును 0గా, తెలుపును 255గా లెక్కించే కొలతలో నేపథ్యం 83, ఐకాన్ 200 అనుకుంటే, వెబ్ సౌలభ్య మార్గదర్శకాల సూత్రం ప్రకారం వాటి కాంతిభేద నిష్పత్తి 4.60:1. అదే ఐకాన్‌ను 240 విలువగల లేత నేపథ్యం మీద పెడితే నిష్పత్తి 1.47:1కి పడిపోతుంది. ఐకాన్‌లో ఏమీ మారలేదు. అయినా అది దాదాపు అదృశ్యమయింది. కాంతిభేదం ఐకాన్‌కు చెందిన గుణం కాదు, ఐకాన్‌కూ నేపథ్యానికీ మధ్యనున్న సంబంధం.

అక్షరానికి ఈ సమస్య లేదు. తెల్లని పుట మీద నల్లగా, నల్లని పలక మీద తెల్లగా రాసినా ‘అ’ ‘అ’యే. అక్షరానికి ఆకారమే గాని సొంత రంగు లేదు. ఐకాన్‌నూ ఇలాగే భావిస్తే, నేపథ్యం మారినప్పుడు అక్షరాలతోపాటు ఐకాన్ రంగూ మారుతుంది. 2011లో వచ్చిన గ్నోమ్ 3 ఇటువంటి ఏకవర్ణ ఐకాన్లను విస్తృతంగా వాడింది. వీటిని ‘సింబాలిక్’ ఐకాన్లు అంటారు.

2018 ఏప్రిల్‌లో విడుదలయిన గింప్ 2.10 ముదురు రూపాన్ని, సింబాలిక్ ఐకాన్లను సహజస్థితిగా చేసుకుంది. పరిసరాన్ని మసకబరచి దృష్టిని బొమ్మ మీద నిలపడం దీని ఉద్దేశం. ముదురు, బూడిద, లేత రూపాలతోపాటు కంప్యూటర్ రూపాన్నే అనుసరించే నాలుగవ రూపం కూడా ఇచ్చారు. రంగు ఐకాన్లను, పాత ఐకాన్లను కోరుకునేవారికి వాటినీ అందుబాటులో ఉంచారు. అయితే ఒక సాంకేతిక అవరోధం ఎదురయింది. ఆ రూపానికి ఆధారమైన జీటీకే 2 గ్రంథాలయం ఐకాన్ రంగును తనంతట మార్చలేదు. అందువల్ల ముదురు నేలకు ఒక సముదాయం, లేత నేలకు తారుమారు చేసిన మరొక సముదాయం విడివిడిగా ఇవ్వవలసి వచ్చింది. వాడుకరి రూపాన్ని మార్చి ఐకాన్లను మార్చడం మరిస్తే, లేత నేల మీద లేత ఐకాన్లు మిగిలేవి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన 2.10.18లో అధిక కాంతిభేదం గల సింబాలిక్ సముదాయం చేరింది. జీటీకే 3 ఆధారంగా 2025 మార్చిలో వెలువడిన గింప్ 3.0లో ఐకాన్ రంగు నేపథ్యాన్ని బట్టి మారే సదుపాయం సహజమయింది. 2020 మే నెలలో వచ్చిన ఇంక్‌స్కేప్ 1.0 ఇదే మార్పును అంతకుముందే సాధించి, సింబాలిక్ ఐకాన్ల రంగును వాడుకరి నిర్ణయానికి వదిలింది.

ఈ విధంగా 1984 నాటి ఏకవర్ణ ఐకాన్ మరొక రూపంలో తిరిగివచ్చింది. తేడా ఏమిటంటే, అప్పుడు రంగు లేకపోవడం తెర పరిమితి. ఇప్పుడు అది నేపథ్య స్వాతంత్ర్యానికి చెల్లించిన మూల్యం.

8. రంగు పునఃప్రవేశం – బ్లెండర్ ఉదాహరణ (2019):

ఆ మూల్యం గుర్తింపులో కనిపించింది. ఒకే రంగులో, ఒకే మందంలో, ఒకే చదరంలో గీసిన ముప్పై ఐకాన్లు నేపథ్యం నుంచి చక్కగా విడివడవచ్చు. ఒకదాని నుంచి ఒకటి విడివడటం కష్టం. రంగు ఉన్నప్పుడు వాడుకరి ‘ఆ నీలం గుర్తు’ అని వెతికేవాడు. రంగు పోయాక ప్రతి ఐకాన్ ఆకారాన్నీ చదవాలి. చూపు ఒక్కసారిగా వాలే పని, వరుసగా వెతికే పనిగా మారింది.

త్రిమితీయ చిత్రణకు వాడే బ్లెండర్ ఈ చిక్కుకు మధ్యేమార్గాన్ని అనుసరించింది. 2019 జూలైలో విడుదలయిన 2.80 రూపం ముదురు నేలను, కొత్తగా గీసిన ఏకవర్ణ ఐకాన్లను తెచ్చింది. అయితే వర్గాలను బట్టి కొన్ని ఐకాన్లకు రంగు కేటాయించింది. వస్తువులకు నారింజ, వస్తువులోని దత్తాంశానికి ఆకుపచ్చ, ఆకారాన్ని సవరించే సాధనాలకు నీలం, పూతలకు ఎరుపు చాయలు ఇచ్చారు. ఈ రంగులను వాడుకరి మార్చుకోవచ్చు. ఐకాన్ల వర్ణసాంద్రతను, వాటి చుట్టూ వచ్చే అంచును సవరించుకునే ఏర్పాట్లు కూడా ఉన్నాయి.

ఇక్కడ రంగు ప్రయోజనం మారింది. 1990లలో రంగు వస్తువును అనుకరించేది. పెన్సిలు పసుపు కనుక ఐకాన్ పసుపు. బ్లెండర్‌లో రంగు జాతిని సూచిస్తుంది. ఆకారం వ్యక్తిని, రంగు కుటుంబాన్ని తెలుపుతాయి. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఆకారం ప్రాతిపదిక, రంగు ప్రత్యయం.

9. కొలత – ప్రమాణం:

కాంతిభేదం ఎంత ఉండాలన్న ప్రశ్నకు అంకెలతో సమాధానం వెబ్ రంగం నుంచి వచ్చింది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008 డిసెంబరులో ప్రకటించిన సౌలభ్య మార్గదర్శకాల 2.0 రూపం సాధారణ పాఠ్యానికి 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 నిష్పత్తిని కనీసంగా నిర్ణయించింది. అందులో ఐకాన్ల ప్రస్తావన లేదు. 2018 జూన్‌లో వచ్చిన 2.1 రూపం ఆ లోటును పూరించి, అర్థం తెలియడానికి అవసరమైన చిత్రభాగాలకు, మీటలకు 3:1 కనీస నిష్పత్తిని విధించింది. అంటే అక్షరానికీ ఐకాన్‌కూ మధ్య పదేళ్ల అంతరం ఉంది.

ఈ సూత్రంలో వెలుగును లెక్కించేటప్పుడు ఎరుపుకు 0.2126, ఆకుపచ్చకు 0.7152, నీలానికి 0.0722 భారాలు ఉంటాయి. దీనివల్ల కొన్ని ఆశ్చర్యకరమైన ఫలితాలు వస్తాయి. 128 విలువగల మధ్యస్థ బూడిద నేల మీద స్వచ్ఛమైన ఎరుపు ఐకాన్ ఉంచితే నిష్పత్తి 1.01:1. రంగు ఎంత గాఢంగా ఉన్నా వెలుగులో తేడా లేదు. ఎరుపు ఆకుపచ్చలను వేరుచేసి చూడలేనివారికి అటువంటి ఐకాన్ దొరకడం కష్టం. అదే నేల మీద స్వచ్ఛమైన తెలుపు కూడా 3.95:1 మాత్రమే ఇస్తుంది, నలుపు 5.32:1 ఇస్తుంది. రంగుల పరిశీలనకు అనుకూలమైన మధ్యస్థ బూడిద నేల, ఐకాన్ స్పష్టతకు మాత్రం ఇరుకైన చోటు.

అంకె ఒక్కటే సరిపోదు. 83 నేల మీద 200 విలువగల సన్నని గీత ఒక బిందువు మీద సరిగ్గా పడితే నిష్పత్తి 4.60:1. అదే గీత రెండు బిందువుల మధ్య సగం సగంగా పరచుకుంటే ఒక్కొక్కటి సుమారు 142 విలువకు తగ్గి, నిష్పత్తి 2.35:1 అవుతుంది. పరీక్షలో నెగ్గిన రంగు, తెర మీద ఓడిపోతుంది. గీత మందం, అది బిందువుల చట్రంలో కుదిరే తీరు కూడా కాంతిభేదంలో భాగమే. పనిచేయని మీటలకు ఈ ప్రమాణం మినహాయింపు ఇచ్చిందన్నది మరొక విషయం. కనుక పనిచేసే ఐకాన్ ఈ గీతకు దిగువన ఉంటే, అది నియమాన్ని దాటడమే కాక, మినహాయింపు పొందిన మృతమీటల సరసన చేరినట్టు వాడుకరిని తప్పుదారి పట్టిస్తుంది.

10. తెలుగు వాడుకరి సందర్భం:

1985లో వెలువడిన ఆల్డస్ పేజ్‌మేకర్‌తో డెస్క్‌టాప్ ప్రచురణ ఆరంభమయింది. 1990లలో తెలుగు అచ్చురంగంలో డీటీపీ స్థిరపడినప్పుడు పేజ్‌మేకర్, ఫోటోషాప్, కోరెల్‌డ్రా వంటి సాఫ్ట్‌వేర్‌లే దానికి ఆధారమయ్యాయి. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు వీటి ద్వారానే రూపొందాయి. కూర్చేది తెలుగు, పనిముట్ల పేర్లు ఇంగ్లీషు. ఇంగ్లీషు మెనూ చదవడం కష్టమైనవారికి పనిముట్టు పేరుకంటే దాని బొమ్మే ఆధారం. మాటలు తెలిసినవారికి ఐకాన్ అదనపు సౌకర్యం. తెలియనివారికి అదే లిపి. అందువల్ల ఐకాన్ మసకబారినప్పుడు ఈ రెండు వర్గాలకూ కలిగే నష్టం సమానం కాదు.

ఐకాన్లు భాషాతీతమన్న నమ్మకాన్ని కూడా ఇక్కడ పరిశీలించాలి. పాఠ్యం రాసే పనిముట్టు ఫోటోషాప్‌లో ‘టి’ అనే రోమన్ అక్షరం, మాక్‌పెయింట్‌లోనూ ఇంక్‌స్కేప్‌లోనూ ‘ఎ’. బొద్దు అక్షరాలకు ‘బి’, వాలు అక్షరాలకు ‘ఐ’ అన్న గుర్తులు ఇంగ్లీషు పదాల తొలి అక్షరాలు. జర్మన్ వాడుకరుల కోసం మైక్రోసాఫ్ట్ ఆఫీసు ఈ గుర్తులను వారి భాషలోని తొలి అక్షరాలుగా మార్చింది. గ్నోమ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ల మెనూలు తెలుగులోకి వచ్చినా, ఐకాన్లలోని రోమన్ అక్షరాలు అనువాదకుల పరిధిలోకి రావడం అరుదు.

వయసు మరొక అంశం. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పచ్చబడి లోపలికి చేరే వెలుగు తగ్గుతుంది. స్వల్ప కాంతిభేదాలను పట్టుకునే శక్తి క్షీణిస్తుంది. 1990లలో యువకులుగా డీటీపీ వృత్తిలో చేరినవారు నేడు యాభై దాటినవారు. వారి కళ్లు బలహీనపడే కాలం, ఐకాన్లు వెలిసిన కాలం ఒక్కటయ్యాయి. చేతిలో ఉన్న నైపుణ్యం చెక్కుచెదరకున్నా పనిముట్టును వెతకడానికి సమయం పడితే వృత్తిలో వెనుకబడతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచార సాంకేతికతలో అందుబాటును ప్రస్తావిస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 17802 ప్రమాణం సాఫ్ట్‌వేర్‌లను కూడా తన పరిధిలో చేర్చుకుంది. కాబట్టి ఐకాన్ స్పష్టత అభిరుచికి సంబంధించిన విషయంగా మాత్రమే మిగలలేదు.

11. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• కాంతిభేదం ఐకాన్‌లో ఉండదు. ఐకాన్‌కూ నేపథ్యానికీ మధ్య ఉంటుంది. తెల్లని తెర, బూడిద ఫలకం, ముదురు ఇంటర్‌ఫేస్ అనే మూడు దశలలో నేపథ్యం మారిన ప్రతిసారీ ఐకాన్లను తిరిగి గీయవలసి రావడానికి ఇదే కారణం.

• ముదురు ఇంటర్‌ఫేస్ రంగుల పరిశీలనలో తటస్థతను కోరి వచ్చింది. ఆ కోరిక న్యాయమైనదే. పనిముట్లు ఎంతవరకు వెనక్కి తగ్గవచ్చో హద్దు పెట్టకపోవడం దాని లోపం. ఆ హద్దును 2018లో 3:1 నిష్పత్తి అందించింది.

• తెలియని నేపథ్యానికి మూడు పరిష్కారాలు చరిత్రలో కనిపిస్తాయి: రెండు వెలుగులనూ ఇముడ్చుకున్న అంచు (మాకింతోష్ బాణం, టాంగో), నేపథ్యాన్ని అనుసరించి రంగు మారే అక్షరరూపం (గింప్, ఇంక్‌స్కేప్), అక్షరరూపానికి వర్గసూచకంగా చేర్చిన రంగు (బ్లెండర్).

• స్పష్టతను సాధించిన ఐకాన్ గుర్తింపును కోల్పోవచ్చు. ఒక ఐకాన్‌ను విడిగా కొలిస్తే స్పష్టత తెలుస్తుంది; గుర్తింపు తెలియాలంటే దానిని ఇతర ఐకాన్ల నడుమ ఉంచి వాడుకరి చేత వెతికించాలి. స్టార్ రూపకర్తలు ఆ పని చేశారు. నేటి ప్రమాణాలలో మొదటిదానికి అంకె ఉంది, రెండవదానికి లేదు.

తెలుగు విశ్వవిద్యాలయాలలో లిపి, ముద్రణ, అక్షరరూపాల మీద పరిశోధన జరుగుతున్నది. తెలుగు పుటను కూర్చిన పనిముట్లు, వాటిని కళ్లతో చదివి చేతులతో నడిపిన కార్మికులు కూడా ఆ పరిశోధనలో చోటు పొందవలసి ఉంది. డీటీపీ వృత్తిలో మూడు దశాబ్దాలు గడిపినవారు ఏ ఐకాన్‌ను ఎలా గుర్తుపట్టారో, ఏ మార్పు దగ్గర తడబడ్డారో వారి నోట నమోదు చేసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది.